ఖమ్మం సంగతి ముందు మీరే చెప్పండి: టీకా అధికారులకు ఒక టీచరు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల్లో టీకాల బాధ్యత చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మాట వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు నా దగ్గరికి వస్తారు. "మేడమ్, మీ పిల్లకైతే ఏపిస్తరా?" అని అడుగుతారు. వేయిస్తానని చెప్తాను, ఎందుకో కూడా చెప్తాను. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిందని, 80 వేల మంది దాకా దానితో చనిపోయారని అంచనా. ఆ క్యాన్సర్లలో 70 శాతానికి పైగా వాటికి హెచ్‌పీవీ వైరస్‌లోని 16, 18 అనే రెండు రకాలే కారణం. ఆ రెండింటినీ ఈ టీకా అడ్డుకుంటుంది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా పూర్తిగా వేయించుకున్న ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ కనిపించలేదని 2024లో ప్రకటించారు. కాబట్టి టీకా మంచిదా కాదా అన్న పేచీ నాకు లేదు.

నా పేచీ మీతో. టీకా వద్దన్న తల్లిదండ్రుల గురించి మీరు సమీక్షల్లో మాట్లాడే తీరుతో. "అవగాహన లేదు", "మూఢనమ్మకాలు", "వాట్సాప్ పుకార్లు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ తర్వాత ఒక ఫ్లెక్సీ, ఒక ర్యాలీ, బడి గోడ మీద ఒక నినాదం. తెలియకపోవడమే జబ్బైతే, చెప్పడం మందు అవుతుంది. కానీ మా వైపు తల్లిదండ్రుల నమ్మకాల్లో చాలావాటికి మూలం తెలియకపోవడం కాదు, తెలిసిన సంగతులే. అందులోనూ కొన్ని మీ శాఖ నేర్పినవే.

ముందు ఖమ్మం సంగతి. ఇది మీలో చాలామందికి ఫైల్లో ఒక పేజీ. మాకు పక్కింటి కథ.

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. ఖర్చుకు డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మందు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో ఇదే కార్యక్రమం సెర్వారిక్స్ అనే టీకాతో నడిచింది. ఇక్కడ సుమారు 14 వేల మందికి, అక్కడ సుమారు 10 వేల మందికి సూదులు పడ్డాయి. ఇక్కడి పిల్లల్లో చాలామంది గిరిజన, దళిత కుటుంబాల వాళ్లు. హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

2010 మొదట్లో పిల్లల మరణాల వార్తలు బయటికొచ్చాయి. మహిళా సంఘాలు భద్రాచలం ప్రాంతానికి వెళ్లి వివరాలు సేకరించాయి. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించింది. మొత్తం ఏడు మరణాలు. ఇక్కడ అయిదు, గుజరాత్‌లో రెండు. కేంద్రం వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్నీ చూసింది. మన జిల్లాలో ఒకమ్మాయి నీళ్లలో మునిగిపోయింది, ఒకమ్మాయిని పాము కరిచింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకమ్మాయిని మలేరియా తీసుకెళ్లింది. వీటికి టీకా కారణమని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకుంటాను. పాము కాటు, మలేరియా, పురుగుమందు మా ఏజెన్సీ ఊళ్లకు కొత్తవి కావు.

అయితే అదే వ్యవహారంలో ఇంకో పత్రం ఉంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. అది వాళ్లంతట వాళ్లు చేసిన పని కూడా కాదు. సంరక్షకులుగా సంతకాలు పెట్టమని హెడ్మాస్టర్లకు, వార్డెన్లకు పైనుంచే సర్క్యులర్ వెళ్లింది. టీకా తర్వాత ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదని తేలింది. ఇది క్లినికల్ ట్రయలా, ప్రయోగాత్మక కార్యక్రమమా అని ఢిల్లీలో ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కూతురి చేతికి ఏ సూది వేశారో తెలియని తల్లికి ఆ తేడాతో ఏం పని?

పిల్లలు టీకా వల్ల చనిపోలేదు. పిల్లలకు అమ్మానాన్నల్ని అడగకుండా టీకా వేశారు. ఈ రెండు మాటలూ నిజమే. మీరు మొదటిది చెప్పి ఊరుకుంటారు. ఊరు రెండోది గుర్తు పెట్టుకుంది, అడక్కుండా వేసినవాళ్లు చెప్పే మొదటి మాటను ఎందుకు నమ్మాలని అడుగుతోంది. దీన్ని మూఢనమ్మకం అందామా? నేనైతే అనలేను. సైన్సు పాఠంలో మేం పిల్లలకు చెప్పేది కూడా అదే కదా, చెప్పినవాడెవడో చూడు, ఆధారం అడుగు అని.

ఇందులో ఒక వింత ఉంది, మీకు తెలిసే ఉంటుంది. 2009లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో పలుచోట్ల వేరే అధ్యయనం మొదలుపెట్టింది. మూడు డోసులు కావాలా, రెండు సరిపోతాయా చూడటానికి. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దాన్ని కూడా ఆపాల్సి వచ్చింది. అప్పటికి దాదాపు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడిందని 2021లో ఫలితం వచ్చింది. 2022 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి పచ్చజెండా ఊపడం వెనుక ఉన్న ఆధారాల్లో ఇదొకటి. ఇవాళ పేద దేశాలు ఒకే సూదితో పని కానిచ్చుకోగలుగుతున్నాయంటే అందులో మన పిల్లల వాటా ఉంది. ఈ కథ మా బడిలో చెప్తే తల్లులు నోరు తెరుచుకుని విన్నారు. మీరెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇక రెండో భయం. "పిల్లలు పుట్టరంట గదా మేడమ్?"

ఈ మాట వినగానే మీరు నవ్వుతారు. నేను నవ్వను. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలప్పుడూ ఇదే మాట, నైజీరియాలోని కనోలో 2003లో పోలియో టీకాను ఆపేసినప్పుడూ ఇదే మాట. జబ్బు వేరైనా, టీకా వేరైనా భయం ఎందుకు ఒకటే? ఎందుకంటే పేదవాడి ఇంటికి ప్రభుత్వ వైద్యం తలుపు తట్టి మరీ వచ్చింది ఎక్కువగా పిల్లలు పుట్టకుండా ఆపడానికే. ఎమర్జెన్సీ రోజుల్లో టార్గెట్లు పెట్టి చేసిన ఆపరేషన్లు ఇంకా తాతల నోళ్లలో ఉన్నాయి. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పాతికేళ్లు నిండీ నిండకుండానే, మొగుడికి కాకుండా తనకే కోత పెట్టించుకున్న తల్లి, ఆడపిల్లలకు మాత్రమే అని చెప్పి వచ్చిన సూదిని చూసి "దీని వెనక ఏముంది?" అని అడిగితే ఆమె అనుభవమే అడిగినట్టు.

దీనికి తోడు మన రెండు రాష్ట్రాల్లో మరీ ఎక్కువగా ఉన్న ఇంకో గాయం ఉంది. ఇది టీకా శిక్షణల్లో ఎవరూ ఎత్తరు. గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎందుకు చెడిపోయాయి? తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి కోసేసిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అంటే మా ఊరి తల్లికి "గర్భసంచి క్యాన్సర్" అనే మాట కొత్త కాదు. ఆ మాట ఎవరన్నా అంటే తర్వాత ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆసుపత్రి బిల్లు, మూడు నెలలు కూలి పని బంద్, ముప్ఫై ఏళ్లకే వేడి ఆవిర్లు. ఇప్పుడు మీరు అదే మాటతో ఆమె కూతురి దగ్గరికి వస్తున్నారు. మీ పోస్టరు మీద పెద్దక్షరాలతో క్యాన్సర్ అని రాసి భయపెట్టి ఒప్పించాలని చూస్తున్నారు. ఆ భయంతో ఇంతకుముందే ఒకసారి మోసపోయిన మనిషి ఆమె. కాబట్టి భయపెట్టడం మానేయండి. వైరస్ ఎలా పనిచేస్తుందో, ఏళ్లు ఎలా పడుతుందో, టీకా గర్భసంచిని ముట్టుకోనే ముట్టుకోదని మామూలు గొంతుతో చెప్పండి. నేను అలాగే చెప్తాను, వింటారు.

మూడోది సిగ్గు. ఇది పల్లెల కన్నా పట్నాల్లో, చదువుకున్న ఇళ్లలో ఎక్కువని నా అభిప్రాయం. హెచ్‌పీవీ శారీరక సంబంధం వల్ల సోకుతుందని ఎక్కడో చదువుతారు. "మా అమ్మాయి అలాంటిది కాదు, పెళ్లప్పుడు చూసుకుందాం" అంటారు. పెళ్లి దాకా ఆగితే ఏం నష్టమో ఎవరూ చెప్పరు. వైరస్ ఒంట్లోకి రాకముందే వేయాలి, 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఒంటి ప్రతిస్పందన పెద్దయ్యాక కన్నా బలంగా ఉంటుంది, అందుకే ఈ వయసు. పిల్ల తప్పటడుగు వేస్తుందని కాదు. పెళ్లయ్యాక ఒక్క మొగుడితోనే కాపురం చేసిన ఇల్లాలికీ అతని నుంచి సోకవచ్చు. ఈ చివరి వాక్యం నేను అమ్మలతో విడిగా కూర్చున్నప్పుడు చెప్తాను. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకావిడ "అయితే ఏపియ్యాల్సిందే" అంటుంది. నాన్నలున్న మీటింగులో ఈ మాట చెప్తే సభ రసాభాస అవుతుంది, అదీ చూశాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసే మాస్టర్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. అలాంటివాళ్ల చేతికి మీరు కరపత్రం ఇచ్చి అవగాహన కల్పించమంటే ఏం కల్పిస్తారు?

పట్నం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడుల్లో, ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో మొదలైంది. అప్పుడు వాట్సాప్ చూసి వెనకాడినవాళ్లలో కార్పొరేట్ బడుల తల్లిదండ్రులు కూడా ఉన్నారు. టీకాతో ఆటిజం వస్తుందన్న కథ వాళ్లకు తెలుసు. దాని పుట్టుక 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం అనీ, లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుందనీ, ఆయన డాక్టరు గుర్తింపు కూడా పోయిందనీ తెలియదు. అమెరికాలో ఉన్న మేనమామ ఫార్వర్డ్ చేశాడంటే అది సైన్సే అయిపోతుంది. అదే సమయంలో మా ఊళ్లో పిల్లకు తట్టు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి పోచమ్మకు మొక్కుకున్న ముసలమ్మ, మనవడిని బుధవారం టీకాకు తీసుకొచ్చి క్యూలో ముందు నిలబడుతుంది. ఆమెకు అమ్మవారూ కావాలి, సూదీ కావాలి. ఎవరి నమ్మకం టీకాకు అడ్డం వచ్చినట్టు?

మీరు ఎవరితో మాట్లాడాలో కూడా సరిగా చూసుకోవడం లేదు. మీ ప్రచారం అంతా తల్లి చుట్టూ తిరుగుతుంది. తల్లి ఒక్కతే ఎప్పుడు నిర్ణయం తీసుకుంది? హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసే భర్తకు ఫోన్ చేయాలి. అత్త ఒప్పుకోవాలి. ఆదివారం చర్చిలో పాస్టరు గారిని అడుగుతుంది. అందరికన్నా ముందు ఊళ్లో ఆర్ఎంపీని అడుగుతుంది. రాత్రి పన్నెండింటికి జ్వరమొస్తే బండేసుకుని వచ్చేది అతనే. అతను "ఏమో, మనకెందుకు" అని పెదవి విరిచాడంటే ఆ వాడలో టీకా అయిపోయినట్టే. మీకు ఆర్ఎంపీ అంటే నకిలీ డాక్టరు. చట్టం ప్రకారం మీ మాట కరెక్టే కావచ్చు. కానీ మీ శిక్షణలకు అతన్ని పిలిచి ఒక కుర్చీ వేస్తే పోయేదేముంది? పోలియోను ఉత్తరప్రదేశ్ నుంచి తరిమింది చుక్కల మందు ఒక్కటే కాదు. వద్దన్న వాడల్లో ఆ వాడ ఆడవాళ్లనే పనిలో పెట్టారు. మత పెద్దల దగ్గరికి, విశ్వవిద్యాలయాల ముస్లిం పండితుల దగ్గరికి వెళ్లి మాట్లాడారు. 2011 జనవరి 13 తర్వాత దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన పోలియో కేసు లేదు.

ఉచితం అన్న మాట కూడా జాగ్రత్తగా వాడండి. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసి 2023లో బజారులోకి తెచ్చిన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాకు డబ్బు కట్టాలి. విదేశీ టీకాల ధర ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు డబ్బు కట్టి మరీ పిల్లలకు వేయించుకుంటున్నారని చెప్పాకే మా దగ్గర కొందరు మెత్తబడ్డారు. "ఉన్నోళ్లు ఏపిచ్చుకుంటున్నరా? అట్లయితే మంచిదే" అన్నారు. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా. పేదలకు మాత్రమే వచ్చేది ఏదైనా ప్రయోగమేనన్నది వాళ్ల లెక్క. 2009 ఆ లెక్కను ఇంకాస్త గట్టిచేసి పోయింది.

టీకా తర్వాత ఏదైనా జరిగితే మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. ఇక్కడ ప్రభుత్వాలు తడబడితే ఎంత దూరం పోతుందో ఇతర దేశాలు చూశాయి. జపాన్ 2013 జూన్‌లో భయాలు రేగగానే తన సిఫారసును పక్కన పెట్టేసింది. 70 శాతం దాకా ఉన్న టీకాలు 1 శాతం కన్నా కిందికి పడిపోయాయి. మళ్లీ సిఫారసు చేయడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఐర్లాండ్‌లో 87 శాతం నుంచి 51 శాతానికి జారింది. అక్కడ దాన్ని మళ్లీ లేపినవాళ్లలో లారా బ్రెన్నన్ అనే యువతి ముందుంది. ఈ క్యాన్సర్‌తో పోరాడుతూనే టీవీల్లో, బడుల్లో మాట్లాడింది, 2019లో 26 ఏళ్ల వయసులో చనిపోయింది. ఫ్లెక్సీలు చేయలేని పని అది.

సమోవా కథ ఇంకా ఘోరం. 2018 జులైలో అక్కడ తట్టు టీకా పొడిలో నీళ్లకు బదులు కండరాల్ని సడలించే మందు కలిపారు నర్సులు. ఇద్దరు పసివాళ్లు నిమిషాల్లో పోయారు. ప్రభుత్వం టీకానే నెలల తరబడి ఆపేసింది. జనం నమ్మకం ఆరిపోయింది. 2019 చివర్లో తట్టు వచ్చింది. 2 లక్షల జనాభా ఉన్న దేశంలో 83 మంది చనిపోయారు, ఎక్కువమంది అయిదేళ్లలోపు వాళ్లు. అదెక్కడో సముద్రం మధ్య దీవి అనుకోవద్దు. 2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకా వేసిన పసిపిల్లలకు జ్వరం మాత్రకు బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు ఇచ్చారు. పిల్లలు చనిపోయారు. టీకాలో లోపం లేదు. అయినా ఆ వారం మా ఊరి తల్లులు పిల్లల్ని సెంటరుకు తీసుకురాలేదు. మాత్ర తప్పు అని పేపర్లో వచ్చింది, కానీ ఏఎన్ఎం ఇంటింటికీ వెళ్లి ఆ మాట చెప్పేదాకా కదల్లేదు. ఆ పని ఆమె సొంతంగా చేసింది. మీ ఆదేశం రాలేదు.

అందుకే అడుగుతున్నాను. అంగీకార పత్రాన్ని టీకా రోజు ఉదయం బడిలో పంచకండి. కనీసం వారం ముందు ఇంటికి పంపండి. అది మన తెలుగులో ఉండాలి, న్యాయస్థానం తెలుగులో కాదు. కోయ, లంబాడీ వాడల్లో వాళ్ల భాషలో మాట్లాడగల ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో కూర్చుని నోటితో చెప్పాలి. ఆశ్రమ పాఠశాలల్లో వార్డెన్ సంతకం ససేమిరా చెల్లదని రాతపూర్వకంగా ఇవ్వండి. తల్లిదండ్రులు ఆదివారం పిల్లల్ని చూడటానికి వస్తారు. డాక్టరు ఆ ఆదివారం హాస్టల్‌కు రావాలి. ఆ ఒక్కరోజు సెలవు పోతుంది, పోనివ్వండి. మాకు, అంటే టీచర్లకు, టార్గెట్లు పెట్టకండి. ఇన్ని శాతం చేయకపోతే షోకాజ్ అంటే మేం సంతకాలు సేకరిస్తాం, ఒప్పుకోలు సేకరించం. వద్దన్న తల్లిని బెదిరించి రేషన్‌తోనో, పెన్షన్‌తోనో ముడిపెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. కాదనే హక్కు ఉందని తెలిసినప్పుడే చాలామంది అవునంటారు, ఇది నేను చూసిందే చెప్తున్నాను.

సూది పడిన రోజు కొందరు పిల్లలు సొమ్మసిల్లుతారు. ఈ వయసులో ఏ సూదికైనా అది మామూలే, కూర్చోబెట్టి వేసి అరగంట ఉంచితే చాలు. కొలంబియాలో 2014లో ఒక ఊరి బళ్లలో వందలాది అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు పడిపోయారు. టీకాలో లోపం లేదని తేలింది, కానీ తేలేలోపు దేశమంతా ఆ వీడియోలు చూసింది, టీకా వేయించేవాళ్లు బాగా తగ్గిపోయారు. మా బళ్లో ఒక పిల్ల పడిపోతే పది నిమిషాల్లో ఊరి గ్రూపులో వీడియో ఉంటుంది. అప్పుడు మా పీహెచ్‌సీ డాక్టరు ఎత్తే ఫోన్ నంబరు ఒకటి తల్లిదండ్రుల దగ్గర ఉండాలి. ఏదైనా మరణం జరిగితే, అది పాము కాటే అయినా సరే, కారణమేమిటో ఆ ఊరికి వెళ్లి ఆ కుటుంబం ముందు చెప్పాలి. ప్రెస్ నోట్ చాలదు.

అన్నిటికన్నా ముందు 2009 సంగతి మీరే చెప్పండి. కార్యక్రమం మొదటి వాక్యంగా చెప్పండి. "ఇంతకుముందు ఖమ్మంలో మిమ్మల్ని అడగకుండా చేశాం, అది తప్పు, ఈసారి అడుగుతున్నాం" అని. సిక్కిం 2018లో అమ్మాయిలకు ఈ టీకా వేసినప్పుడు ముందుగా టీచర్లతో, తల్లిదండ్రులతో, విలేకరులతో కూర్చుని ప్రశ్నలన్నీ తీర్చింది. 95 శాతం దాటింది. వాళ్లకు మనలాంటి గతం లేదు. మనకుంది కాబట్టి మన పని వాళ్ల పని కన్నా ఒక మెట్టు ఎక్కువ.

చివరిగా ఒక పని అడుగుతాను. దీనికి బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. 2009లో మా మూడు మండలాల్లో సూదులు వేయించుకున్న ఆ 14 వేల మంది అమ్మాయిలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి, పెద్దవాళ్లు ముప్ఫై దరిదాపుల్లో ఉన్నారు. చాలామంది తల్లులయ్యారు. కొందరి కూతుళ్లు నా క్లాసుకు వచ్చే రోజు ఎంతో దూరంలో లేదు. వాళ్ల ఒంట్లోకి ఏం ఎక్కించారో, ఎన్ని డోసులు పడ్డాయో, దానివల్ల వాళ్లకు రక్షణ ఉందో లేదో ఇంతవరకు ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఒక్క డోసు పడినవాళ్లకూ రక్షణ దొరికిందని 2021 నుంచి ప్రపంచానికి తెలుసు, వాళ్లకు తెలియదు. "మాకప్పుడు ఏదో సూదేసిన్రు, చచ్చిపోతమని ఏడ్సినం" అన్నదే వాళ్లకు గుర్తు. వాళ్లే రేపు తమ కూతుళ్ల గురించి నిర్ణయం తీసుకునేది.

ఆ రిజిస్టర్లు మీ కార్యాలయాల్లో వెతికించండి. భద్రాచలం డివిజన్‌లోని కొన్ని మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పెళ్లిళ్లయి అటూ ఇటూ వెళ్లినవాళ్లూ ఉంటారు. కాబట్టి రెండు శాఖలూ కలిసి చేయాల్సిన పని ఇది. ఆ ఆడవాళ్లను వెతికి, ఫలానా టీకా, ఇన్ని డోసులు, ఫలానా తేదీల్లో అని రాసిన కార్డు ఒకటి చేతికివ్వండి. 30 ఏళ్లు వచ్చినవాళ్లకు గర్భాశయ ముఖద్వార పరీక్ష పీహెచ్‌సీలో చేయించండి, ఎందుకంటే టీకా పడినా ఆ పరీక్ష కావాలి. ఆ తర్వాతే వాళ్ల పిల్లల కోసం రండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
ఉమ్మడి ఖమ్మం జిల్లా